ఏకగ్రీవంలో ఆ గొంతు ఎవరిది?

(2021 ఫిబ్రవరి, ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు. ఒకప్పుడు ఫ్యాక్షన్ చూసిన సీమ ఊరు, ఊహించినదే. సర్పంచ్ పదవి ఈసారి ఎస్సీ మహిళకు రిజర్వ్. రిటైరైన మాస్టారి అరుగు మీద ఆయన, ఆయన శిష్యురాలు. నా మొగ్గు ఎటో చదివితే తెలిసిపోతుంది, దాచను.)

మాస్టారు: పోటీ వద్దమ్మా. అందరూ కలిసి ఒక పేరు అనుకున్నారు. మన ఊరి జనాభా రెండు వేలు దాటింది కదా, ఏకగ్రీవమైతే ప్రభుత్వం పది లక్షలిస్తుంది.

శిష్యురాలు: ఆ అందరూ ఎక్కడ కూర్చున్నారు సార్?

మాస్టారు: రచ్చకట్ట దగ్గర.

శిష్యురాలు: మా నాయన నిలబడే ఉన్నాడు. అనుకున్న పేరేమో పెద్దాయన దగ్గర జీతమున్న మనిషి భార్యది. చెక్కు మీద సంతకం ఆమెది, పెత్తనం ఆయనది.

మాస్టారు: నువ్వు పుట్టకముందు ఈ వీధిలో బాంబులు పడ్డాయి. పోలింగ్ రోజు పిల్లల్ని మంచం కింద పడుకోబెట్టాను. గెలిచినోళ్ళు ఓడినోళ్ళ చీనీ చెట్లు నరికించారు. పదేళ్ళు పెంచిన తోట, తెల్లారేసరికి మొద్దులే.

శిష్యురాలు: చెట్లు పెద్దింటివి. గొడ్డలి పట్టింది, జైలుకెళ్ళింది మా చిన్నాన్న. రాజీ అయ్యాక పెద్దలిద్దరూ ఒకే పెళ్ళిలో భోంచేశారు.

మాస్టారు: ఆ రాజీ వల్లే ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో హత్య లేదు. అది చిన్న విషయమా?

శిష్యురాలు: కాదు సార్. కానీ తమిళనాడులో పాప్పాపట్టి, కీరిపట్టి అనే ఊళ్ళు ఉన్నాయే, 1996లో పంచాయతీ అధ్యక్ష పదవి దళితులకు రిజర్వ్ చేస్తే పదేళ్ళు ఎన్నిక సాగనివ్వలేదు. ఎవరైనా గెలిచినా వెంటనే రాజీనామా చేయించారు. అక్కడా ఊరిది ఒకటే మాట.

మాస్టారు: అక్కడిదే మేలవళవు ఊరి సంగతి కూడా చెప్పు. పోటీ చేసి గెలిచిన దళితుడు మురుగేశన్‌ను 1997లో బస్సు ఆపి చంపారు. నా టెన్షన్ అదే. నా దగ్గర అఆలు దిద్దినదానివి నువ్వు.

శిష్యురాలు: అంత భయం ఉన్నచోట రచ్చకట్ట దగ్గర తలూపితే అది ఒప్పుకున్నట్టా సార్? మా అమ్మ ఏ గుర్తు మీద ముద్ర వేసిందో ఇప్పటికీ నాకూ చెప్పదు. ఆ చాటు ఒక్కటే ఆమెకున్న ధైర్యం. ఏకగ్రీవంతో అదీ పోతుంది.

మాస్టారు: పది లక్షలతో సీసీ రోడ్డు పడుతుంది కదమ్మా.

శిష్యురాలు: మా పేట దాకానా?

మాస్టారు: ...గుడి దాకా అన్నారు. సరే, నామినేషన్‌లో ప్రతిపాదించేవాళ్ళ సంతకం కావాలిగా. ఎవరు పెడుతున్నారు?

శిష్యురాలు: పదకొండు ఇళ్ళు తిరిగాను సార్. ఇది పన్నెండోది.