ఎవరు పోయారు?

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళలో పొద్దున్నే అలాంటివి పెట్టకండి. బిల్డింగ్‌కి మంచిది కాదు. దయచేసి సహకరించగలరు." దాని కింద పదకొండు జతల చేతులు దణ్ణం పెట్టాయి.

"అలాంటివి" అంటే నేనేదో డీజే పెట్టి తీన్మార్ ఆడించాననుకునేరు. నేను పెట్టింది ఘంటసాల భగవద్గీత.

బిల్డింగ్‌కి ఏది మంచిది కాదో నాకూ కొంత తెలుసు. బోరు ఎండిపోవడం మంచిది కాదు. సెల్లార్ గోడల్లోంచి నీళ్ళు కారడం మంచిది కాదు. మూడేళ్ళుగా ఆ రెండిటి గురించీ మొత్తుకుంటుంటే ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఘంటసాల నోరు విప్పగానే పదకొండు లేచాయి.

జరిగింది మనవి చేసుకుంటాను. ఎర్రగడ్డ సండే మార్కెట్లో, పాడైన మిక్సీలకీ ఒంటి చెప్పులకీ మధ్య, ఈ ఎల్పీ రికార్డు దొరికింది. అతను రెండొందలన్నాడు, నూట ఇరవైకి తెగింది. ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న ఏడున్నరకి కిటికీలన్నీ తీసి, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, సూది దించాను. ముందు కాసేపు పోపు వేగుతున్నట్టు చిటపటలు. తర్వాత "పార్థాయ ప్రతిబోధితాం" అని ఆ గొంతు మొదలైంది.

వాచ్‌మన్ గేటు రెండో రెక్క కూడా తీసి ఇటుక అడ్డం పెట్టాడు. బండి వస్తుంది కదా మరి.

రెండు నిమిషాల్లో 202 ఆవిడ వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విప్పింది. మా ఇంట్లో ఎవరూ చెప్పులు బయట విప్పరు, ఆవిడ అసలే విప్పదు. మాట్లాడకుండా లోపలికి వచ్చి మా ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. మా ఆవిడ చేతికి ఇడ్లీ పిండి ఉంది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఏం జరిగిందో తెలీకపోయినా, ఇంత పొద్దున్నే ఈవిడ వచ్చిందంటే ఏదో పెద్దదే జరిగుంటుందని మా ఆవిడ కూడా కళ్ళనీళ్ళు పెట్టుకోబోయింది.

ఈలోగా 401 ఆయన ఫ్రీజర్ బాక్స్ వాళ్ళకి ఫోన్ చేసేశాడు. బేరం కూడా ఆడాడట, వెయ్యి తగ్గించారట. కష్టకాలంలో తోటి మనిషికి అంతకన్నా ఏం చెయ్యగలం? సెక్రటరీ గారు లిఫ్టు తలుపు తెరిచి కళ్ళతోనే కొలతలు తీసుకుంటూ, "నిలువుగా అయితే పడుతుంది కానీ అలా బాగోదు. మెట్ల మీదుగానే దించాలి, నలుగురు కుర్రాళ్ళు కావాలి" అంటున్నారు. గ్రూపులో అప్పటికే "ఓం శాంతి"లు మొదలయ్యాయి. ఒకాయన అయితే "నిన్న సాయంత్రం కూడా పార్కింగ్‌లో నవ్వుతూ పలకరించారు, నమ్మలేకపోతున్నాను" అని రాశాడు. ఎవరి గురించి రాశాడో ఇప్పటికీ తేలలేదు.

అందరూ హాల్లోకి వచ్చారు. మా నాన్నగారికి 84 ఏళ్ళు. బాల్కనీలో కూర్చుని పేపర్ చదువుతున్నారు. అందరూ ఆయన్నే చూశారు. ఆయన పేజీ తిప్పారు. వచ్చినవాళ్ళ మొహాల్లో లెక్క తప్పిందన్న బాధ కనిపించింది. తర్వాత నా వైపు చూశారు. నేను కాఫీ తాగుతున్నాను.

"మరి ఎవరండీ?" అన్నారు సెక్రటరీ గారు గొంతు తగ్గించి.

ఎవరూ లేరని చెప్పడానికి, నిజం చెబుతున్నాను, నాకు మొహమాటం వేసింది. ఇంతమంది ఇంత పొద్దున్నే పనులు మానుకుని వచ్చారు. ఒక్కరైనా ఉండాల్సింది.

"ఎవరూ లేరండీ. ఊరికే వింటున్నాం."

"ఊరికేనా?"

"ఊరికే."

ఆయన రికార్డు వైపు చూశారు, నా వైపు చూశారు. "ఊరికే వినడానికి అది... అది కదండీ" అన్నారు. 202 ఆవిడ చేతికంటిన పిండి కడుక్కుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయింది. 401 ఆయన మెట్లు దిగుతూ "అడ్వాన్సు ఇవ్వలేదు, నయం" అనడం వినపడింది. నేను సూది పైకి లేపేశాను. నాన్నగారు పేపర్ దించి అడిగారు: "ఎవర్రా పోయింది?"

ఆ పూటే నాకు జ్ఞానోదయమైంది. మన దగ్గర సంగీతం ఊరికే వినడానికి లేదు. గొప్ప ఆల్బమ్ అన్న ప్రతిదానికీ ఏదో ఒక ఉద్యోగం ఇచ్చి పోస్టింగ్ వేసేస్తాం. ఉపాధి కల్పనలో ఇంత చురుకుదనం ఏ ప్రభుత్వానికీ లేదు.

ఎమ్మెస్ సుబ్బులక్ష్మి 1963 నాటి వేంకటేశ్వర సుప్రభాతం అలారం శాఖలో పర్మనెంటు. అరవై ఏళ్ళు దాటినా రిటైర్మెంట్ లేదు. గుడి మైకు, టీ కొట్టు, సిటీ బస్సు, చివరికి మా బావమరిది సెల్‌ఫోను, అన్నిచోట్లా అదే డ్యూటీ. సుప్రభాతంలో 29 శ్లోకాలున్నాయి. మా బావమరిది ఏనాడూ మూడోది దాటలేదు, స్నూజ్ నొక్కేస్తాడు. దాని తర్వాత స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం కూడా అదే రికార్డులో ఉన్నాయని చెబితే "బోనస్ ట్రాక్సా?" అన్నాడు. ఒక్కసారి మెలకువగా ఉండి వినమని నా మనవి. పాటలో ఏ సంగతి, అంటే ఏ స్వరాల మలుపు, కావాలంటే అది వేయగల గొంతు అది. అంతటి మనిషి ఒక్క సంగతీ విసరకుండా, దేవుణ్ణి నిద్ర లేపుతున్నామన్న ఇంగితంతో పాడుతుంది. పక్కన రాధా విశ్వనాథన్ గొంతు నీడలా నడుస్తుంది. నా లెక్కలో దక్షిణాదిలో అంత సంయమనం ఉన్న రికార్డు ఇంకోటి లేదు. మనకది ఐదు గంటల మోత.

'కాల్ ఆఫ్ ది వ్యాలీ'కి ఆరోగ్య శాఖలో పోస్టింగ్. 1967లో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు కలిసి, కశ్మీర్ లోయలో ఒక గొర్రెల కాపరి గడిపే ఒక రోజును రాగాల్లో చెప్పారు. తెల్లవారుజామున ఆహిర్ భైరవ్‌తో మొదలై చీకటిపడే దాకా కథ ఒక వరసలో నడుస్తుంది. దాన్ని నేను ఈమధ్య విన్నది పళ్ళ డాక్టరు దగ్గర, రూట్ కెనాల్ మధ్యలో. కాపరికి తెల్లవారేసరికి ఇంజెక్షన్ ఇచ్చారు. పీలూ రాగం వచ్చేసరికి డ్రిల్లింగ్. ఇక కాబ్రా గిటారు ఎత్తుకుంటాడు, ఈ ఆల్బమ్ ప్రాణం నన్నడిగితే అక్కడే ఉంది, అనగా నర్సమ్మ "ఉమ్మండి సార్" అంది. డాక్టరుగారిని ఇదేం సంగీతమని అడిగాను, నోరు సగం మొద్దుబారి ఉండగానే. "రిలాక్సేషన్ మ్యూజిక్ సార్, యూట్యూబ్‌లో పది గంటలది ఉంటుంది" అన్నారు.

జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'ది కాఫీ శాఖ. జూబ్లీహిల్స్ కాఫీ షాపుల్లో, మూడొందల యాభై రూపాయల కాఫీ చల్లారేలోగా వెనకాల అదే మోగుతూ ఉంటుంది. మనకి బిల్లు కనిపించకుండా చెయ్యడం దాని పని. అక్కడ తప్పకుండా ఒక గడ్డం ఉన్న నిపుణుడుంటాడు. "అబ్బే, ఒరిజినల్ ప్రెసింగ్‌లో వినాలండీ, ఆ వార్మ్త్ వేరు" అంటాడు. అయ్యా, 1959లో మొదట అచ్చేసిన ఆ రికార్డు, అదే మీ ఒరిజినల్ ప్రెసింగ్, మొదటి వైపు అసలు స్పీడే తప్పు. రికార్డింగ్ రోజున టేపు మెషీను కాస్త నెమ్మదిగా తిరిగింది, దాంతో రికార్డులో పాట కాస్త వేగంగా, శ్రుతి కాస్త పైకి వచ్చింది. 1992 రీఇష్యూలో గానీ సరిచెయ్యలేదు. ఆ వార్మ్త్‌లో కొంత మోటారు వేడి కూడా ఉందని మనవి. అయినా నేనూ తక్కువ తినలేదు. కుర్రతనంలో ఈ ఆల్బమ్ క్యాసెట్ కొన్నది వినడానికి కాదు, ఎవరైనా గదికొస్తే బల్ల మీద కనపడాలని.

రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' జౌళి శాఖలో ఉంది, టీషర్టుగా. అమెరికాలో ఆల్బమ్‌ల ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో 900 వారాలకు పైగా నిలబడ్డ రికార్డు, ఇప్పుడు అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద మూడు ఐదొందలు. మా అక్క కొడుకు వేసుకొచ్చాడు. టీషర్టు మీద ఆ త్రికోణం ఏమిట్రా అని అడిగితే "ఫిజిక్స్ మామయ్యా, డిస్పర్షన్" అన్నాడు. పాపం తప్పేం చెప్పలేదు. కాలం, డబ్బు, పిచ్చి, చావు, వాటి గురించే ఆ ఆల్బమంతా. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ఆగుతుంది. వాడికి ఈఎంఐలు మొదలయ్యాక అర్థమవుతుందిలే అని వదిలేశాను.

మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' సంగతి చెప్పేదేముంది, అది స్కూల్ యానివర్సరీ శాఖ. మా తరానికి మైకేల్ జాక్సన్ కన్నా ముందు 1985 'దొంగ' సినిమాలో అవే స్టెప్పులేసిన చిరంజీవి కనపడతాడు, అందులో నాకు సిగ్గేమీ లేదు.

వీటన్నిటినీ నవ్వి ఊరుకోగలను. కాఫీ షాపులో మోగినందువల్ల మైల్స్ డేవిస్‌కి పోయేదేమీ లేదు. ఘంటసాల దగ్గర మాత్రం ఊరుకోలేను.

1972లో రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా ఆయనకి గుండెనొప్పి వచ్చింది. అప్పటికే చక్కెర వ్యాధి. రోజుల తరబడి ఆస్పత్రి. ఆ రోజుల్లోనే ఆయనకి గీత పాడాలనిపించింది. ఏడొందల శ్లోకాల్లోంచి ఏరిన వంద పైచిలుకు శ్లోకాలని స్వరపరిచి, తెలుగు తాత్పర్యంతో పాడాడు. ఇంటర్వెల్ లేదు, హీరో లేడు, సినిమా నిర్మాత లేడు, తనకి తాను అనుకుని చేసిన పని. 1974 ఫిబ్రవరి 11న పోయాడు, 51 ఏళ్ళకి. తాత్పర్యం చెప్పేటప్పుడు ఆ గొంతు వినండి. సభలో పద్యం పాడే గొంతు కాదు, పక్కన కూర్చుని మాట్లాడే గొంతు. సంస్కృతం ముక్క రానివాడు కూడా అర్థమైందని తల ఊపుతాడు.

దాన్ని తీసుకెళ్ళి వైకుంఠ రథానికి హారన్ చేశాం! షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్రీజర్ బాక్స్, ఘంటసాల, అన్నీ ఒకే ప్యాకేజీ. పోయినాయన పక్కన కూర్చున్నవాళ్ళయినా వింటారా అంటే అదీ లేదు. ఒకడు ఫోన్‌లో రేటు మాట్లాడుతుంటాడు, ఒకడు పొలం వాటాల గురించి గొణుగుతుంటాడు. వినేది వీధిలో వాళ్ళు, ఎవరు పోయారో తెలుసుకోవడానికి. చచ్చేదాకా ఒక్కసారీ వినిపించం, చచ్చాక చెవి దగ్గర స్పీకరు పెడతాం. ఇది భక్తా? బుద్ధి ఉండే చేస్తున్నామా?

అసలు కృష్ణుడు ఆ మాటలు చెప్పింది శవానికి కాదు. ఒళ్ళు వణికి, విల్లు వదిలేసి, రథంలో చతికిలబడ్డ బతికున్న మనిషికి. "తస్మాదుత్తిష్ఠ కౌంతేయ" అన్నాడు, లేవయ్యా అని. సుప్రభాతం మొదటి శ్లోకంలోనూ అదే మాట, వాల్మీకి బాలకాండలోది, విశ్వామిత్రుడు రాముణ్ణి లేపుతూ "ఉత్తిష్ఠ నరశార్దూల" అంటాడు. తెలుగిళ్ళలో తరతరాలుగా మోగుతున్న రెండు రికార్డులూ లెమ్మనే చెబుతున్నాయి. మొదటిది పెట్టుకుని దుప్పటి లాక్కుంటాం. రెండోది, ఇక లేవడని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాక గానీ పెట్టం.

ఆ ఆదివారం సాయంత్రం గ్రూపులో మెసేజ్ చదివి, కిటికీలు మూస్తున్నాను. నాన్నగారు ఎందుకు మూస్తున్నావన్నారు. చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు.

"మా ఊళ్ళో కరణంగారింట్లోనే రికార్డు ప్లేయర్ ఉండేది. ఈ రికార్డు కొత్తగా వచ్చినప్పుడు వాళ్ళ అరుగు మీద యాభై మందిమి కూర్చుని విన్నాం. ఎవడూ చావకుండానే విన్నాంరా" అన్నారు. తర్వాత, "పొద్దున సగంలో ఆపేశావు. ఆ కిటికీ తియ్, రెండో వైపు తిప్పు."

తీశాను. తిప్పాను. చిటపటలు ఇంకా అవుతుండగానే లిఫ్టు ఆగిన చప్పుడైంది. గుమ్మం బయట ఎవరో చెప్పులు విప్పుతున్నారు.