తరగతి గది గడియ ఎవరిని ఆపాలి?

పోయిన శనివారం విశాఖలో మా అమ్మాయి చదివే బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. మార్కుల సంగతులు అయ్యాక, పిల్లల భద్రత కోసం సెలవుల్లో చేయించిన పనులను యాజమాన్యం వివరించింది. ప్రతి తరగతి గది తలుపుకు లోపలివైపు పైనా కిందా టవర్ బోల్టులు అనే నిలువు గడియలు బిగించారట. బయటివైపు తాళం పట్టే ఆల్‌డ్రాప్ గడియలు వేయించారట. వెనక మెట్ల దగ్గరి మడత గేటుకు ఇకపై బడి నడిచే వేళల్లో కూడా తాళం ఉంటుందట. బయటివాళ్లెవరూ పిల్లల దాకా రాలేరన్న మాట వినగానే హాలంతా చప్పట్లు మోగాయి. నాకు మాత్రం చేతులు రాలేదు.

సమావేశం కాగానే వెనక మెట్ల వైపు వెళ్లి చూశాను. నాలుగంతస్తుల భవనానికి ఉన్నవి రెండే మెట్ల దారులు, వాటిలో ఒకదానికి తాళం. వాచ్‌మన్‌ను అడిగితే, "తాళాలు నా కాడే ఉంటాయమ్మా, మీకేం భయం వద్దు" అన్నాడు. ఆయన బాధ్యత గల మనిషి, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆయన కూర్చునేది ముందు గేటు దగ్గర. ముందు మెట్లను పొగ కమ్మేసిన రోజున, ఆయన భవనం చుట్టూ తిరిగొచ్చి, గుత్తిలో సరైన తాళంచెవి వెతికి తీసేదాకా పై అంతస్తుల పిల్లలు ఆ గేటు వెనక నిలబడి ఉండాలి.

బయటివాళ్ల గురించిన భయం అర్థం లేనిదని నేను అనడం లేదు, ఆడపిల్ల తల్లిగా ఆ భయం నాకూ ఉంది. అయితే బయటివాడిని లోపలికి రానివ్వకపోవడం ఒక పని, లోపలివాళ్లను బయటికి పోనివ్వకపోవడం మరొక పని. మన బడులు మొదటిది చేయబోయి రెండోది చేస్తున్నాయి.

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక బడి వంటశాలలో రేగిన మంట పూరి కప్పులకు అంటుకుని 94 మంది పిల్లలను బలితీసుకుంది. పైఅంతస్తు పిల్లలకు దిగే దారిగా ఉన్నది ఇరుకైన మెట్లు. ఆ ఘటన తరువాత దాఖలైన వ్యాజ్యంలోనే 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులో సురక్షితమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని చెప్పి, బడులన్నీ జాతీయ భవన నియమావళిలోని అగ్ని భద్రతా ప్రమాణాలను పాటించాలని ఆదేశించింది. బయటికి వెళ్లే తలుపు వెలుపలి వైపుకు తెరుచుకోవాలనీ, లోపలున్నవారు తాళంచెవి అవసరం లేకుండానే దాన్ని తెరవగలగాలనీ ఆ నియమావళి చెబుతుంది. వెలుపలి వైపుకు అనడానికి కారణం ఉంది. నలభై మంది పిల్లలు ఒక్కసారిగా తోసుకొచ్చి మీద పడితే, లోపలికి తెరుచుకునే తలుపును లాగడానికి జాగా ఉండదు. మా బడిలో నేను చూసిన తలుపులన్నీ లోపలికే తెరుచుకుంటున్నాయి.

ఇదే విషయంపై అమెరికాలో ఏళ్ల తరబడి వాదన నడుస్తోంది. 1958 డిసెంబర్‌లో షికాగోలోని ఒక బడిలో అగ్నిప్రమాదం 95 మందిని చంపింది. 2012 డిసెంబర్‌లో శాండీ హుక్ బడిలో దుండగుడి కాల్పులకు 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది బలయ్యారు. అక్కడి తరగతి గదుల తలుపులకు తాళం వేయాలంటే టీచరు బయటి వరండాలోకి రావలసి వచ్చేది. ఆ తరువాత భయపడిన బడులు తలుపులకు అడ్డంగా బిగించే ఇనుప కడ్డీలు కొనడం మొదలుపెట్టాయి. అగ్నిమాపక నిపుణులు వాటికి అభ్యంతరం చెప్పారు. మంట వచ్చినప్పుడు పిల్లలు ఆ కడ్డీని తీయలేరన్నది ఒక కారణం. దుండగుడే లోపల దూరి ఆ కడ్డీ బిగించుకుంటే పోలీసులు బయటే నిలబడిపోతారన్నది రెండో కారణం, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినదీ ఇదే. మా బడి టవర్ బోల్టుకూ ఈ రెండు అభ్యంతరాలూ అక్షరాలా వర్తిస్తాయి. పైగా పై బోల్టు రెండో తరగతి పిల్లలకు అందదు. టీచరు స్పృహ తప్పితే ఆ గదిలో దాన్ని తీసే చెయ్యి ఉండదు.

రెండు అవసరాలనూ తీర్చే తాళం ఎప్పటినుంచో ఉంది. హోటల్ గది తలుపును గుర్తు తెచ్చుకోండి. బయటివాడికి కార్డు లేనిదే తెరుచుకోదు, లోపల ఉన్న మనం పిడి ఒక్కసారి కిందికి నొక్కితే వచ్చేస్తుంది. తరగతి గదుల కోసం కూడా అలాంటివి ఉన్నాయి. టీచరు గది దాటకుండా లోపలినుంచే బయటి పిడిని బంధించవచ్చు, లోపలి పిడి మాత్రం ఎప్పుడూ పనిచేస్తుంది, అవసరమైతే సిబ్బంది బయటినుంచి తాళంచెవితో తెరవవచ్చు. గాజువాకలో హార్డ్‌వేర్ దుకాణం నడిపే మా చిన్నమామయ్యను అడిగితే, "ఉంటాయమ్మా, బడుల వాళ్లు మాత్రం గడియలే అడుగుతారు" అన్నారు.

ఆయనే ఇంకో మాట చెప్పారు. మన ఊరి ఉప్పుగాలికి మామూలు ఇనుప గడియ త్వరగా తుప్పు పడుతుంది, వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి చట్రానికి పట్టేస్తుంది. మామూలు రోజున సుత్తితో రెండు దెబ్బలు వేస్తే కదిలే గడియ, అవసరం పడిన రోజున కదలకపోతే ఏమిటి గతి? అందుకే సముద్రపు ఊళ్లో తలుపుల పరీక్ష ఏటా ఒకసారి చేస్తే చాలదు.

విశాఖలో ఉంటూ 2020 మే 7 తెల్లవారుజామును మరిచిపోవడం నా వల్ల కాదు. ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి ఇళ్లను కమ్మినప్పుడు సహాయక సిబ్బంది ఇంటింటికీ తిరిగి స్పృహ తప్పినవారిని మోసుకొచ్చారు. అలాంటిది బడి వేళలో జరిగితే లోపలి పిల్లలు తలుపు తీసే స్థితిలో ఉండకపోవచ్చు, కాబట్టి బయటినుంచి తెరిచే వీలూ ఉండి తీరాలి. మరోవైపు, మూసిన తలుపు దానంతట అది చెడ్డది కాదు. మంట రేగినప్పుడు గట్టిగా మూసిన తలుపు పొగను కొంతసేపు ఆపుతుంది. నా అభ్యంతరం తలుపు మూయడంపై కాదు, లోపలివాళ్లు తెరవలేకుండా బిగించడంపై.

సోమవారం యాజమాన్యానికి ఉత్తరం ఇచ్చాను. వెనక గేటు తాళం వెంటనే తీసేయాలనీ, ఆ దారిని లోపలినుంచి నెడితే తెరుచుకుని బయటినుంచి తెరుచుకోని తలుపుగా మార్చాలనీ అడిగాను. బయటి ఆల్‌డ్రాప్‌లను ఊడదీయించాలని, బోల్టుల స్థానంలో పిడి తాళాలు పెట్టించాలని, అగ్నిమాపక అధికారులను పిలిచి భవనం చూపించాలని కూడా రాశాను. ఒకేసారి డబ్బు సర్దలేకపోతే కింది తరగతుల గదులతో మొదలుపెట్టమన్నాను. పరిశీలిస్తామన్నారు. ఈ ఉదయం పాపను దించినప్పుడు వెనక్కి వెళ్లి చూశాను, గేటుకు తాళం అలాగే ఉంది. ఉత్తరం ప్రతిని కింద కామెంట్‌లో పెడుతున్నాను. మీ పిల్లల బడికి తగ్గట్టు మార్చుకుని వాడుకోండి. మా బడి తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదివితే, శుక్రవారం నాతోపాటు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి రండి.