ఇంగ్లండు క్లబ్ బరీలో మూడు గోల్సేనా అని ఎగతాళి చేసేవాళ్లకు

ఇండియా ఫుట్‌బాల్ మాజీ కెప్టెన్ బైచుంగ్ భూటియా పేరెత్తితే చాలు, మన అనంతపురం గ్రౌండ్ల పక్కన గట్టు మీద కూర్చున్నోళ్లు కూడా ఒకటే మాట: "ఇంగ్లండు పోయి ఏం చేసినాడప్పా? 37 మ్యాచులు, 3 గోల్సు!" లెక్క కరెక్టే. కానీ ఆ లెక్క పట్టుకుని ఆయన్ని కొలిచేవాళ్లకు ఫుట్‌బాల్ తెలీదని చెప్పక తప్పదు.

1999లో బరీ క్లబ్‌లో చేరేనాటికి ఆయనకు 22 ఏళ్లు. అంతకుముందు ఫుల్‌హామ్, వెస్ట్ బ్రామ్, ఆస్టన్ విల్లాలో ట్రయల్స్ ఇచ్చినాడు, ఎవరూ తీసుకోలేదు. బరీ అప్పుడు ఇంగ్లండులో మూడో అంచె లీగులో ఉంది. ఆ లీగులో ఒక్కో జట్టుకు ఏడాదికి 46 మ్యాచులు, కప్పు మ్యాచులు అదనం. మన దగ్గర? నేషనల్ లీగ్ అనేదే 1996లో మొదలైంది. అంటే సిక్కిం నుంచి వచ్చిన ఈ కుర్రోడి పదిహేనో ఏడు, పదహారో ఏడు, పద్దెనిమిదో ఏడు దేశంలో జాతీయ లీగే లేకుండా గడిచిపోయినాయి. 1997 ఫెడరేషన్ కప్ సెమీస్‌లో కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షకు పైగా జనం ముందు మోహన్ బగాన్ మీద హ్యాట్రిక్ కొట్టినోడు ఆయన. సత్తా తక్కువై కాదు, పునాది వయసులో ఆడాల్సిన మ్యాచులు తక్కువై అక్కడ కష్టపడినాడు. దానికి తోడు మోకాలి గాయం. 2002లో ఆయన వెనక్కి వచ్చే నాటికి బరీ కూడా అప్పుల్లో మునిగి కింది డివిజన్‌కు పడిపోయింది.

కోచ్‌లు అర్థం చేసుకోవాల్సింది ఇక్కడే. మన ఎర్రమట్టి, గులకరాళ్ల గ్రౌండు మీద బంతి ఎటు ఎగురుతుందో తెలీదు. కాబట్టి పిల్లోడు ఏం నేర్చుకుంటాడు? బంతి వచ్చేదాకా ఆగి, అరికాలి కింద తొక్కి పట్టి, అప్పుడు తల ఎత్తి చూస్తాడు. ఇక్కడ ఆ అరసెకను చెల్లుతుంది. తడి పచ్చిక మీద చెల్లదు. అక్కడ బంతి ఎగరకుండా జారుకుంటూ వస్తుంది, తొక్కేలోపు రెండు మీటర్ల అవతల పడుతుంది, ఆ లోపల వెనక నుంచి సెంటర్ బ్యాక్ (గోల్ కాచే ఎదుటి జట్టు డిఫెండర్) వచ్చి ఒంటిమీద పడతాడు. మూడో అంచె లీగులో స్ట్రైకర్ బతుకంతా గోల్‌కు వీపు పెట్టి ఈ గుద్దులు తింటూ బంతి నిలబెట్టడమే.

దీనికి మందు పెద్ద ఖర్చు కాదు. వారానికి రెండు రోజులు పచ్చిక ఉన్న చోట నీళ్లు పట్టి, 15 మీటర్ల నుంచి గట్టిగా పాస్ కొట్టించండి. వచ్చే బంతికి దూరంగా ఉన్న కాలితో, ఒళ్లు సగం తిప్పి అందుకోవాలి. అందుకునే ముందే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడాలి. ఒక్కో కాలికి ఇరవై సార్లు. బంతిలో గాలి కూడా చూసుకోండి: 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ అని రూలు, అంటే 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ. చేత్తో నొక్కి "బాగుందిలే" అనేస్తే కుదరదు. మన ఎండకు బంతిలో పీడనం పెరుగుతుంది, రాయిలా గట్టిపడిన బంతితో పిల్లోడికి ఫస్ట్ టచ్, అంటే వచ్చిన బంతిని మొదటి తాకుతోనే అదుపు చేయడం, ఎట్ల వస్తుంది? పన్నెండేళ్ల లోపు పిల్లోళ్లకు 5 నంబరు బంతి ఇవ్వడం కూడా మానండి, 4 నంబరు చాలు.

ఇంక కాగితాల సంగతి. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీకి 2009లో లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఒప్పందం ఇచ్చింది. వర్క్ పర్మిట్ రాలేదు, ఎందుకంటే ఫిఫా ర్యాంకుల్లో ఇండియా మొదటి 70లో లేదు. ఆటగాడి కాళ్లకూ దేశం ర్యాంకుకూ ముడి పెట్టిన రూలు అది. ఇప్పుడు అక్కడ పాయింట్ల పద్ధతి ఉంది, అందులోనూ దేశం ర్యాంకుకు, ఆడే లీగు స్థాయికి మార్కులు ఉన్నాయి. ఇది తెలీకుండా "మీవోణ్ణి స్పెయిన్ తీస్కపోతాం" అని లక్షలు అడిగే ఏజెంట్లను నమ్మేవాళ్లు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. 18 నిండకుండా వేరే దేశం క్లబ్‌కు బదిలీని ఫిఫా ఒప్పుకోదు. మినహాయింపులు ఉన్నాయి గానీ మన పిల్లోళ్లకు పనికొచ్చేవి దాదాపు లేవు.

మరో రూలు మన చిన్న క్లబ్బులకు అన్నం పెట్టేది, దాన్నీ ఎవరూ పట్టించుకోరు. ఆటగాణ్ణి విదేశీ క్లబ్ డబ్బిచ్చి కొంటే, ఆ మొత్తంలో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య పెంచిన క్లబ్బులకు పంచాలి. కోటి రూపాయల బదిలీ అనుకోండి, 5 లక్షలు పక్కకు వస్తాయి. 12 నుంచి 15 ఏళ్ల దాకా పెంచిన క్లబ్‌కు ఏడాదికి 25 వేలు, అంటే మొత్తం లక్ష. 16 నుంచి 23 దాకా ఏడాదికి 50 వేలు. కానీ ఆ ఏళ్లలో పిల్లోడు ఆ క్లబ్ పేరున ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ రిజిస్ట్రేషన్‌లో ఉండాలి. రికార్డులో లేని ఏడాదికి పైసా రాదు. మనోళ్లు టోర్నమెంటుకు నాలుగు రోజుల ముందు ఆధార్ జిరాక్సుల కోసం పరుగెత్తుతారు, టోర్నమెంటు అయిపోతే ఆ ఫైలే కనపడదు. ఇంక వయసు తగ్గించి రాయించడం! పదిహేడేళ్లోణ్ణి అండర్-15లో ఆడిస్తే కప్పు వస్తుంది, సరే. రేపు పాస్‌పోర్టులో ఒక తేదీ, స్కూలు రికార్డులో ఇంకో తేదీ ఉంటే ఏ క్లబ్ ముట్టుకుంటుంది?

ఇవన్నీ లోపల నుంచి తెలిసిన మనిషి భూటియా. 2012 జనవరిలో బయర్న్ మ్యూనిక్‌తో వీడ్కోలు మ్యాచ్ ఆడినాడు. 2022లో ఫెడరేషన్ అధ్యక్ష పదవికి నిలబడితే పడిన ఓట్లు 33-1. ఆ ఒకటే ఆయనకు. రాజకీయాల్లోనూ గెలవలేదు, ఆ సంగతి నాకు పెద్ద పట్టింపు లేదు.

మన దగ్గర సౌకర్యాలు లేవా అంటే, అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్పోర్ట్స్ విలేజ్‌లో ఉన్న పచ్చిక గ్రౌండ్లు పెద్ద నగరాల్లోనే దొరకవు. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచులు చాలావరకు అక్కడే ఆడినారు, క్రికెట్ అనేసరికి ఊరంతా కదిలింది. ఫుట్‌బాల్ లీగు మ్యాచ్‌కు పిల్లోళ్ల అమ్మానాన్నలే రారు.

కాబట్టి ఫీజు కట్టే ముందు కోచ్‌ను జెర్సీ రంగు, బూట్ల కంపెనీ అడగొద్దు. రిజిస్ట్రేషన్ నంబరు చూపించమనండి. రెఫరీ ఉన్న మ్యాచులు ఏడాదికి ఎన్ని ఆడిస్తారో అడగండి. నా లెక్కన పదమూడు దాటిన పిల్లోడికి పాతికకు తగ్గకూడదు. "రోజూ ప్రాక్టీస్ పెడతాం కదన్నా" అని మాట దాటేస్తే, ఇంకో అకాడమీ చూసుకోండి.