వియన్నాలో నేల టికెట్టు బతికే ఉంది

వియన్నా వెళ్లే మనవాళ్లు, పాటలతో నడిచే నాటకాలు ఆడే స్టేట్ ఒపేరా థియేటర్ ముందు సెల్ఫీ దిగి, కాఫీ తాగి, షాపింగుకు పోతారు. ఎందుకంటే 'లోపల టికెట్టు మనం కొనగలమా?' అంటారు. కొనగలం. ముందు వరుస సీటు 200 యూరోలు దాటినా, నిలబడి చూసే టికెట్టు 20 యూరోల లోపే.

1869లో తెరుచుకున్న ఈ థియేటర్ చరిత్ర ఇదీ. భవనం బాగోలేదని ఊరంతా వెక్కిరించింది, కట్టిన ఇద్దరు ఆర్కిటెక్టుల్లో ఒకరు ఉరేసుకున్నారు, 1945 మార్చి 12న బాంబులు పడి వేదిక, హాలు కాలిపోయాయి. పదేళ్లకు మళ్లీ కట్టారు. అప్పుడు కూడా నిలబడేవాళ్ల చోటు ఎత్తేయలేదు. నాకు నచ్చింది అదీ.

ఆ చోటు ఎక్కడో మూల కాదు. అందులో కొంత, ఒకప్పుడు చక్రవర్తి బాక్సు ఉన్నచోటి కిందే, వేదికకు సూటిగా ఎదురుగా! మెట్లు మెట్లుగా ఉంటుంది, ఆనుకోవడానికి కమ్మీలు. చాలా ఏళ్లపాటు, రాగానే జనం స్కార్ఫ్ తీసి కమ్మీకి కట్టి, అలా బయట తిరిగొచ్చేవాళ్లు. చోటు ఇక వాళ్లదే. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినవాళ్లకు ఈ చట్టం కొత్తగా చెప్పాలా? (మన దగ్గర తువ్వాలు పక్కకు నెట్టేసే మొనగాళ్లూ ఉంటారు, అది వేరే కథ.) వేదిక మీద పాడే ఇటాలియన్ రాదని బెంగ అక్కర్లేదు, మాటల అనువాదం చూపే చిన్న తెర నిలబడినవాళ్లకూ ఉంది. మాటల్లేని నృత్యం, బ్యాలే ఉన్న రోజైతే అదీ అవసరం లేదు.

ఈ థియేటర్‌కు సర్కారు సొమ్ము అందుతుంది కాబట్టి, జనం పన్నులతో డబ్బున్నోళ్ల ముచ్చట ఎందుకు అనేవాళ్లున్నారు. ఏటా అక్కడ జరిగే ఒపేరా బాల్ అనే నృత్య విందు ఆర్భాటం చూస్తే నిజమేననిపిస్తుంది. కానీ ఏడాదికి 300కు పైగా ప్రదర్శనలు, ప్రతిసారీ నాలుగు వందల పైచిలుకు చౌక టికెట్లు. పన్ను కట్టే మామూలు మనిషికి ఇంతకంటే సూటిగా ఏం తిరిగిస్తారు?

మరి మన నేల టికెట్టు ఏమైంది? 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం, ఊరూరా డేరాలు వేసి, నేల మీద కూర్చున్న జనాన్ని నమ్ముకునే తరాలపాటు సాగింది. సినిమా హాళ్లలోనూ నేల, బెంచీ ఉండేవి. మల్టీప్లెక్సులొచ్చి నేలను మింగేశాయి. ఇక మన ఆడిటోరియాల్లో చాలావాటికి 'ప్రవేశం ఉచితం'. వినడానికి బాగానే ఉంటుంది. పది రూపాయలైనా ఇచ్చి టికెట్టు కొన్నవాడు 'ఎప్పుడు మొదలెడతారు?' అని గట్టిగా అడుగుతాడు. ఉచితంగా వచ్చినవాణ్ని ముందు వరుసలోంచి లేపి వెనక్కి పంపినా నోరెత్తడు.

ఆమధ్య ఒక హాల్లో కూచిపూడి నృత్యరూపకానికి వెళ్లాను. ఆరున్నరకన్నారు. ముందు నాలుగు వరుసలకు తాడు కట్టి, వీఐపీలకని కాగితం అంటించారు. ముఖ్య అతిథి ఎనిమిదింటికి వచ్చారు. తర్వాత జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు, ఫొటోలు. తెర పక్క సందులోంచి, గజ్జెలు కట్టుకుని నిలబడ్డ ఇద్దరు పిల్లలు తొంగిచూస్తున్నారు. సత్యభామ జడ వేసుకుని వేదిక మీదికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. శాలువాలు కప్పించుకున్నవాళ్లు అప్పటికే కార్లెక్కేశారు. తాడు మాత్రం ఎవరూ విప్పలేదు. ఆఖరి సిటీ బస్సు కోసం వెనక వరుసలవాళ్లు ఒక్కొక్కరే లేస్తున్నారు.