డ్రమ్ శాండర్ కొనే ముందు ధూళి లెక్క చూసుకోవాలి

నాలుగు టేకు చెక్కలను జిగురుతో అతికించి బల్ల పైభాగం తయారు చేసినప్పుడు, ఎంత జాగ్రత్తగా బిగించినా అతుకుల దగ్గర వెంట్రుకవాసి ఎత్తుపల్లాలు మిగులుతాయి. చిత్రిక పడితే నార ఎదురు తిరిగిన చోట పెచ్చులు లేస్తాయి. చేతి శాండర్‌తో గంటల తరబడి రుద్దినా ఎక్కడో ఒక పల్లం ఉండిపోతుంది. అమెరికాలో కారు గ్యారేజీని వడ్రంగం షెడ్డుగా మార్చుకున్న వారిలో చాలామంది, వారిలోని మన తెలుగువారు కూడా, ఈ దశలోనే పలకను గరుకు కాగితంతో చదును చేసే యంత్రం, డ్రమ్ శాండర్, కొనాలనుకుంటారు. అప్పుడు వారు మొదట అడిగే ప్రశ్న దాని వెడల్పు ఎంత అని. నా అభిప్రాయంలో అది చివర అడగవలసిన ప్రశ్న. ధూళి ఎటు పోతుంది, కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది అన్నవి తేలాకే వెడల్పు మాట రావాలి.

ముందుగా ఈ యంత్రం నుంచి ఏమి ఆశించవచ్చో స్పష్టంగా తెలిసి ఉండాలి. గరుకు కాగితం చుట్టిన డ్రమ్ నిమిషానికి సుమారు 1,700 చుట్లు తిరుగుతుంటే, దాని కింద కన్వేయర్ బెల్టు చెక్కను నెమ్మదిగా, నిమిషానికి 10 అడుగుల లోపు వేగంతో, ముందుకు నడుపుతుంది. ముతకగా ఉండే 80 నంబరు గరుకు కాగితంతో ఒక్కో విడతకు అంగుళంలో 64వ వంతు, అంటే సుమారు 0.4 మిల్లీమీటరు తీయడమే ఎక్కువ. మూడు మిల్లీమీటర్ల మందం తగ్గించాలంటే ఎనిమిది విడతలు పడుతుంది. అదే పనిని ప్లేనర్, అంటే తిరిగే బ్లేడులతో చిత్రిక పట్టే యంత్రం, రెండు మూడు విడతల్లో ముగిస్తుంది. కాబట్టి ప్లేనర్‌కు బదులుగా దీన్ని కొనేవారికి నిరాశ తప్పదు. దీని అసలు విలువ ప్లేనర్ చేయలేని పనుల్లో ఉంది. చెక్క కొసలు పైకి ఉండేలా ముక్కలను అతికించి చేసే కూరగాయల పీటను ప్లేనర్‌లో పెడితే బ్లేడు అంచులను చీల్చివేస్తుంది, ఒక్కోసారి ముక్కను విసిరికొడుతుంది కూడా. మెలికలు తిరిగిన నార ఉన్న చెక్క, రెండున్నర మిల్లీమీటర్ల మందానికి దించవలసిన గిటారు పలకలు కూడా ఇలాంటివే.

ఇంటి స్థాయిలో ఎక్కువగా కనిపించేవి ఒక పక్క తెరిచి ఉండే రకాలు. జెట్ 16-32, సూపర్‌మాక్స్ 19-38 అన్న మోడళ్ల పేర్లలోనే వాటి లెక్క ఉంది: మొదటి అంకె డ్రమ్ వెడల్పు అంగుళాల్లో, రెండోది పలకను తిప్పి రెండోసారి పంపితే సాధ్యమయ్యే వెడల్పు. ఈ రెండో అంకెను నమ్ముకుని కొనడం మంచిది కాదు. డ్రమ్‌ను ఒక పక్క నుంచే పట్టి ఉంచే చట్రం ఒత్తిడికి కొంచెమైనా వంగుతుంది. డ్రమ్ సమాంతరంగా లేకపోతే పలక మధ్యలో గీత పడుతుంది. అందుకే కొనేటప్పుడు డ్రమ్ అమరికను సరిచేసుకోవడం ఎంత సులువో చూడాలి. డ్రమ్ మోటారుపై భారం పెరిగినప్పుడు బెల్టు వేగాన్ని తనంతట తాను తగ్గించే ఏర్పాటు, సూపర్‌మాక్స్‌లో ఉన్నటువంటిది, చెక్క మాడకుండా కాపాడుతుంది. రెండు మూడు అంగుళాల అదనపు వెడల్పు కన్నా నేను దానికే డబ్బు పెడతాను. రెండు డ్రమ్ముల పెద్ద యంత్రాలు పని తొందరగా చేస్తాయి గాని, ఒక కాగితం గీతలను రెండోది తుడిచేలా రెండింటి ఎత్తునూ కుదర్చడం వారానికొకసారి పనిచేసే మనిషికి భారమే.

ఇక కరెంటు. ఒకటిన్నర హార్స్‌పవర్ శాండర్, దాదాపు అంతే శక్తి గల ధూళి సేకరణ యంత్రం కలిసి గ్యారేజీలోని ఒకే 20 ఆంపియర్ల లైను మీద నడవవు, బ్రేకర్ పడిపోతుంది. రెండు వేరు వేరు లైన్లు కావాలి, ఆ ఎలక్ట్రీషియన్ ఖర్చును యంత్రం ధరలో కలిపి చూసుకోవాలి. తిరిగి హైదరాబాదుకో విజయవాడకో వచ్చేస్తూ యంత్రాన్ని వెంట తెచ్చుకోవాలనుకునేవారు మరో సంగతి గమనించాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడి 230 వోల్టులను 120కి తగ్గించగలదు గాని, ఇక్కడి కరెంటు పౌనఃపున్యమైన 50 హెర్ట్జ్‌ను అమెరికాలోలా 60 చేయలేదు. అక్కడి 60 హెర్ట్జ్ మోటారు ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్కువగా వేడెక్కుతుంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ధూళి. ప్లేనర్ నుంచి వచ్చేది పొట్టు, అది నేల మీద పడుతుంది. శాండర్ నుంచి వచ్చే సన్నని పొడి గంటల తరబడి గాలిలోనే తేలుతుంది, అందులో మరీ సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మనకు ప్రియమైన టేకు, రోజ్‌వుడ్‌ల పొడి కొందరికి చర్మంపై దద్దుర్లు, దగ్గు తెస్తుంది. నాలుగు అంగుళాల గొట్టం, బలంగా లాగే సేకరణ యంత్రం ఉంటేనే డ్రమ్ శాండర్ వాడదగినది. మామూలు గుడ్డ సంచి సన్నటి ధూళిని తిరిగి గదిలోకే వదిలే అవకాశం ఉంది కాబట్టి, ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) స్థాయి ఫిల్టరు తీసుకోవాలి. ధూళి లాగకపోతే కాగితం కూడా త్వరగా పూడుకుపోతుంది, నూనె ఎక్కువగా ఉండే టేకుతో మరీనూ.

చేతిలోని డబ్బు ఒక్కదానికే సరిపోయే పక్షంలో ధూళి సేకరణ యంత్రాన్నే ముందు కొనమంటాను. అది ఇంట్లోని రంపానికీ ప్లేనర్‌కూ కూడా పనికివస్తుంది. ఏడాదిలో రెండో మూడో పెద్ద పలకలు చేసేవారు, వాటిని వెడల్పాటి బెల్టు శాండర్ ఉన్న ఫర్నిచర్ తయారీదారు దగ్గరికి తీసుకెళ్లి, గంట లెక్కన డబ్బు ఇచ్చి చదును చేయించుకుని, ఇంకా సన్నని 120 నంబరు కాగితం నుంచి పైపని ఇంటి దగ్గర చేత్తో చేసుకోవచ్చు. డ్రమ్ శాండర్ కొన్నా ఆ పైపని తప్పదు, ఎందుకంటే అది పలక పొడవునా వదిలే నిలువు గీతలు వార్నిష్ పడగానే బయటపడతాయి.