మహారాజశ్రీ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ గారికి

ఎనిమిదడుగుల ఫ్లెక్సీ గారికి అనంతపురం నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే వీల్లేదు. మీరు వెలిసిన వీధిలో ఎవరో ఒకరు తగ్గే ఉంటారు.

మీ పనితనం మాత్రం అమోఘం. పోయినాయన బతికినన్నాళ్లూ పంచె, తుండుగుడ్డ తప్ప ఎరగడు. ఆధార్ కార్డు మీది బొటనవేలంత ఫోటోను మీరు నాలుగడుగులకు సాగదీసి, మెడ కింద నీలం కోటు తొడిగి, వెనక జలపాతం పారిస్తారు. వానల్లేని మా సీమకు ఆ జలపాతం ఒక్కటీ బాగుంది. పైన నాయకుల తలకాయలు, కింద మనవళ్ల తలకాయలు, మధ్యలో మిగిలిన జాగాలో ‘మృదుస్వభావి, స్నేహశీలి, పరోపకారి’. ఊరంతా హడలిపోయిన మనిషికీ అదే, అప్పులిచ్చి వసూలు చేసుకోలేని మనిషికీ అదే. అమ్మకైతే ‘ప్రేమమూర్తి’ అంటే చాలు. ఆమె పుట్టింటి ఇంటిపేరు, ఊరు మీకెందుకు? ఇంటి చరిత్ర రాసుకోబోయే మాకు మాత్రం కావాలి.

పోనీ, గుణగణాలు వదిలేద్దాం, తేదీ చూడండి. ‘జననం: 01-07-1946’. ఆ తరంలో ఎవర్ని చూసినా జూలై ఒకటినే పుట్టినట్టుంటారు. అది తల్లి కన్న తేదీ కాదు, హెడ్మాస్టరు కన్న తేదీ. బడిలో చేర్చేనాటికి అయిదేళ్లు నిండేలా ఆయన వేసిన లెక్క. దేశమంతటికీ ఒకే జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అసలు సంగతి మేనత్తకు తెలుసు. ‘పార్థివలో, శివరాత్రికి ముందు’ అంటుంది. పార్థివ అనే తెలుగు సంవత్సరం 1945 ఉగాదికి మొదలై 1946 ఉగాది దాకా నడిచింది. శివరాత్రి తెలుగు ఏడాది చివర్లో వస్తుంది కాబట్టి ఆ బిడ్డ 1946 మొదట్లో పుట్టాడు. తొందరపడి 1945 అని వేస్తే ఒక ఏడాది తేడా. సంవత్సరం పేరు కూడా గుర్తులేకపోతే గంజి కేంద్రాలు పెట్టిన 1952 కరువుకు ముందా వెనకా, స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని వణికిన 1979కి ముందా వెనకా అని అడిగితే దారికొస్తుంది.

ఊరి పక్కన మీరు కొట్టే జిల్లా కూడా అంతే. 1946లో రాయదుర్గంలో పుట్టినాయన పుట్టింది బళ్ళారి జిల్లాలో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటొచ్చాయి. బనగానపల్లెలో 1948కి ముందు పుట్టినవాళ్లు నవాబు సంస్థానంలో పుట్టారు. ధర్మవరం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అప్పటి తాలూకా, ఇప్పటి మండలం రెండూ రాసుకోకపోతే పాత దస్తావేజు ఎక్కడ వెతకాలో అంతు చిక్కదు.

దస్తావేజు అంటే గుర్తొచ్చింది. మీకున్న రంగుల్లో ఒక్కటీ దానికి లేదు గానీ, మనిషి మాత్రం అందులోనే ఉంటాడు. తండ్రి పేరు, వృత్తి, ‘సుమారు 35 సంవత్సరాలు’ అనే వయసు, చెక్కుబందీలో నాలుగు దిక్కులా ఇరుగుపొరుగు, కింద సాక్షులు. వాళ్లలో ఒకాయనతో తర్వాత గట్టు తగాదా వచ్చే ఉంటుంది. ఆఖర్న అమ్మ వేలిముద్ర. దాని పక్కన ఆమె పొదుపు సంఘం పుస్తకం పెట్టి చూడండి. అక్కడ సంతకం ఉంటే, ఒక్కో అక్షరం విడివిడిగా నొక్కి రాసి ఉంటే, ఆ రెండు కాగితాల నడుమ ఎప్పుడో ఆమె చదువు నేర్చుకుంది. ఎప్పుడు, ఎవరి దగ్గర అని అడగాల్సిన ప్రశ్న అది. ‘ప్రేమమూర్తి’ని పట్టుకుని ఏమడుగుతాం?

ఇంట్లో ఇత్తడి బిందె ఉంటే దాని మెడ చూడాలి. పెండ్లిలో చదివించినవాళ్ల పేరు, ఊరు, తేదీ చుక్కలతో చెక్కి ఉంటాయి. చింతపండుతో తోమీ తోమీ అరిగిపోతే కొంచెం ముగ్గుపిండి రుద్ది పైపైన తుడిస్తే అక్షరాలు తెల్లగా తేలతాయి.

అడగడంలోనూ కిటుకుంది. ‘నాయన ఎట్లాంటోడు?’ అంటే ‘దేవుడు’ అంటారు, మీకు ఇంకో ఫ్లెక్సీకి సరిపడా సరుకు. ‘నాయన ఎవరింటికి పోయేవాడు కాదు?’, ‘పంట పోయిన ఏడు ఏమమ్మాడు?’, ‘అమ్మ సంగటి కెలికేటప్పుడు ఎవర్ని తిట్టుకునేది?’ అనడగాలి. చిన్నాయనను, మేనత్తను విడివిడిగా కూర్చోబెట్టాలి. కలిపితే పెద్దాయన చెప్పిందే వేదం. ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు ముందు తేదీ, ఊరు, మాట్లాడేవాళ్ల పేరు పలకాలి. లేకపోతే పదేళ్ల తర్వాత గొంతు మిగులుతుంది, ఎవరిదో తెలియదు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ పేర్లతో సహా రాయాలి. రాజీ చేయబోతే మళ్లీ మీ భాషే వస్తుంది.

ఇంతకీ మీతో పని లేదనడం లేదు. దినాల రోజు బంధువులంతా ఒకచోట దొరుకుతారు, మళ్లీ దొరకరు. భోజనాలయ్యాక మిమ్మల్ని దించి చాప మీద బోర్లా పరుస్తాం. మీ వీపు తెల్లగా ఉంటుంది కదా, దానిమీద పర్మనెంట్ మార్కర్‌తో వంశవృక్షం గీస్తాం. ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేరు తప్పనిసరి. మేనరికాలకు జంటగీత, మేనమామను చేసుకున్నామె ఒక వరసలో మనవరాలు, ఇంకో వరసలో కోడలు, ఆ చిక్కుముడి జంటగీతతోనే విడుతుంది. బతికున్న పెద్దలతో చదివించి, తప్పులు అక్కడికక్కడే దిద్ది, నాలుగు మూలలూ పడేలా ఫోటో తీసుకుంటాం. ఆ తర్వాత మిమ్మల్ని ఎవరైనా శనక్కాయల కుప్ప మీద కప్పుకుంటే మాకే అభ్యంతరమూ లేదు.

ఇట్లు,
మీ నీడన మజ్జిగ తాగిన బంధువర్గం