ధర్మారావు గారూ, కాస్త ఆగండి!

విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ చదువుతుంటే ఒకే పేజీలో అభిమానమూ విసుగూ రెండూ వస్తాయి నాకు. సుబ్బన్నపేట కథ ఊపందుకుంది అనుకునేలోపు కథానాయకుడు ధర్మారావు ఎవరితోనో చర్చ మొదలెడతాడు. ఇక అంతే. చదువులు, కళలు, పెళ్ళి, ఇంగ్లీషు నాగరికత, ఏదీ వదలడు. ఎదుటివాళ్ళు ఆయన్ని ప్రశ్నలడగడానికే పుట్టినట్టుంటారు. వాదన మనకు నచ్చనిదైతే మరీ ఒళ్ళు మండుతుంది.

ఆశువుగా చెబుతుంటే రాసుకున్న నవల కదా, ఆ చెప్పే ధోరణి అలాగే ఉండిపోయింది. 1934లో అడివి బాపిరాజు నవల ‘నారాయణరావు’తో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి కూడా గెలిచింది, ఇక కత్తెర పట్టేదెవరు?

పోనీ పక్కన పడేద్దామా అంటే కుదరదు. పాములాంటి పిల్లాడు పసరిక చేలల్లో తిరిగే చోట, దేవదాసి గిరిక వేణుగోపాలస్వామి ముందు నాట్యమాడే చోట వాక్యం తానే లయ పట్టుకుంటుంది. అక్కడ ఒక్క మాట తీసేస్తానన్నా ఒప్పుకోను. ఇంత బాగా రాయగల మనిషి వెంటనే ఇంకో ఉపన్యాసం ఎందుకెత్తుకుంటారండీ! పేజీలు గబగబా తిప్పేస్తాను. ఆ తిప్పేసిన వాటిలోనే ఏ మంచి వర్ణనో జారిపోయిందేమోనని మళ్ళీ వెనక్కి. ఇంత లావు పుస్తకంతో ఇదేం టెన్షన్ నాకు!